టైమ్ జోన్ ఆఫ్‌సెట్లు: ప్రోగ్రామ్‌లో తేదీ, గంట తప్పకుండా పని చేసే పద్ధతి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, అటు ప్రాణహిత ఒడ్డున సిరోంచ. ఈ సరిహద్దు ఊళ్లలో ఉండి సాఫ్ట్‌వేర్ రాస్తున్న తెలుగు యువతీయువకులు తరచూ అడిగే ప్రశ్నలు మూడున్నాయి. తెల్లవారుజామున నమోదు చేసిన వివరం నిన్నటి తేదీలో ఎందుకు పడుతోంది? మన కంప్యూటర్‌లో సరిగ్గా కనిపించిన సమయం సర్వర్‌కు చేరాక ఐదున్నర గంటలు ఎందుకు జరుగుతోంది? మార్చి రాగానే అమెరికా పిల్లల క్లాసు ఒక గంట ఎందుకు తేడా పడుతోంది?

మూడింటికీ మూలం ఒకటే. ఏ సమయాన్ని ఏ రూపంలో దాచాలో కోడ్ రాయకముందే తేల్చుకోకపోవడం. ఆ పని ముందు చేస్తే మిగిలిందంతా మామూలు కూడికలూ తీసివేతలే.

ఇక్కడ రెండు ఉదాహరణలను వెంట తీసుకుని వెళదాం. ఒకటి, పర్లాకిమిడి దగ్గరి ఒక పల్లెలో పాల సేకరణ కేంద్రానికి రాసే యాప్. రెండోది, బరంపురంలో ఉంటూ డాలస్‌లోని పిల్లలకు ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పే గురువుగారి క్లాసుల పట్టిక. మొదటిదానిలో వాడేవాళ్లంతా ఒకే దేశంలో ఉన్నారు. అయినా తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

1. క్షణం, ఆఫ్‌సెట్, టైమ్ జోన్: ఈ మూడూ వేరు

క్షణం అంటే ప్రపంచమంతటికీ ఒక్కటే అయిన సమయ బిందువు. దాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకు ప్రమాణంగా తీసుకునే సమయంలో, చెబుతాం.

ఆఫ్‌సెట్ అంటే ఆ క్షణంలో ఒక చోటి గడియారం యూటీసీకి ఎంత ముందుందో, ఎంత వెనుక ఉందో తెలిపే అంకె. మనకు +05:30.

టైమ్ జోన్ అంటే ఒక ప్రాంతం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ ఆఫ్‌సెట్ పాటించిందో, ఇకపై ఏది పాటిస్తుందో చెప్పే నియమాల పట్టిక. మన దేశానికి దాని పేరు ఏషియా/కోల్‌కతా. డాలస్‌కు వర్తించేది అమెరికా/షికాగో.

టైమ్ జోన్ పేరు, తేదీ తెలిస్తే ఆఫ్‌సెట్ తెలుస్తుంది. ఆఫ్‌సెట్ తెలిసినంత మాత్రాన టైమ్ జోన్ తెలియదు. −05:00 అని కనిపిస్తే అది శీతాకాలపు న్యూయార్క్ కావచ్చు, వేసవి డాలస్ కావచ్చు, ఏడాదంతా అదే పాటించే లిమా కావచ్చు. అందుకే వాడుకరి వివరాల్లో ఆఫ్‌సెట్ అంకె ఒక్కటే దాచిన యాప్ నవంబరులోనో మార్చిలోనో తప్పక దారి తప్పుతుంది.

మరొక పొరపాటు: ఫోన్ ఇచ్చే రేఖాంశం నుంచి ఆఫ్‌సెట్ లెక్క కట్టడం. సిరోంచకూ పర్లాకిమిడికీ మధ్య సుమారు నాలుగు డిగ్రీల రేఖాంశం తేడా ఉంది. సూర్యుడి లెక్కలో అది పావుగంట పైమాటే. గడియారం లెక్కలో తేడా సున్నా. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం జయపురం పక్కనే వెళుతుంది కాబట్టి సూర్యుడూ గడియారమూ దాదాపు కలిసి నడిచేది అక్కడ. మిగతా దేశమంతా చట్టం చెప్పిన గంటనే పాటిస్తుంది. ఆఫ్‌సెట్‌ను నిర్ణయించేది ప్రభుత్వమే, సూర్యుడు కాదు.

2. కోడ్‌కు ముందు: ప్రతి ఫీల్డ్‌కూ రకం రాసి పెట్టుకోండి

ఒక కాగితం తీసుకుని మీ యాప్‌లో తేదీ, గంట ఉన్న ప్రతి ఫీల్డ్ పేరూ రాయండి. దాని పక్కన ఈ నాలుగింటిలో అది ఏ రకమో గుర్తు పెట్టండి.

జరిగిపోయిన క్షణం. పాలు కొలిచిన సమయం, డబ్బు చెల్లించిన సమయం, లాగిన్ అయిన సమయం. దీన్ని యూటీసీలో దాచండి. అక్కడి గడియారం అప్పుడు ఎంత చూపించిందో కూడా ముఖ్యమైతే ఆఫ్‌సెట్‌ను మరో కాలమ్‌లో నిమిషాల్లో ఉంచండి.

రాబోయే సమయం. వచ్చే నెల సంగీతం క్లాసు, వైద్యుడి అపాయింట్‌మెంట్. స్థానిక తేదీ, గంట, టైమ్ జోన్ పేరు, ఈ మూడూ దాచాలి. యూటీసీ ఒక్కటే చాలదు. కారణం 8వ భాగంలో వివరంగా ఉంది.

తేదీ మాత్రమే. పుట్టినరోజు, పండుగ సెలవు, బిల్లు గడువు. దీనికి గంటా లేదు, ఆఫ్‌సెట్ కూడా లేదు. దీన్ని అర్ధరాత్రి 00:00గా మార్చి దాచడమే సగం అనర్థాలకు కారణం.

గడియారపు గంట మాత్రమే. కేంద్రం ఉదయం 5 గంటలకు తెరుస్తారు, 8కి మూస్తారు. ఇది ఏ ఒక్క రోజుకూ చెందినది కాదు. గంట, నిమిషం దాచి, కేంద్రం ఉన్న చోటి టైమ్ జోన్ పేరును ఒక్కసారి రాస్తే సరిపోతుంది.

ఈ పట్టిక తయారైందా లేదా అన్నది ఇలా చూసుకోండి:

☐ ప్రతి ఫీల్డ్‌కూ ఒకే రకం రాశాను. రెండు రకాలు కలిసిన ఫీల్డ్‌ను రెండుగా విడదీశాను.
☐ తేదీ మాత్రమే ఉన్న ఫీల్డులకు గంట జోడించలేదు.
☐ రాబోయే సమయాలన్నిటి పక్కనా టైమ్ జోన్ పేరు ఉంది.
☐ నెట్‌వర్క్ లేనప్పుడు నమోదు చేసే ఫీల్డులకు రెండు సమయాలు పెట్టాను.

చివరి గీతకు ఒక మాట చెప్పాలి. గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల్లో సిగ్నల్ అందని పల్లెలు ఎన్నో ఉన్నాయి. ఉదయం కొలిచిన పాల వివరం మధ్యాహ్నం సర్వర్‌కు చేరవచ్చు, మరునాడు చేరవచ్చు. సర్వర్‌కు చేరిన సమయాన్నే పాలు కొలిచిన సమయంగా రాసుకుంటే లెక్క పాడవుతుంది. ఫోన్ గడియారం ఒక్కదాన్నే నమ్మినా ప్రమాదమే, దాన్ని ఎవరైనా మార్చగలరు. ఫోన్ చెప్పిన సమయం, సర్వర్ అందుకున్న సమయం రెండూ దాచండి. తేడా అనుమానాస్పదంగా ఉంటే కేంద్రం నడిపేవారిని అడిగి సరిచేయండి.

3. కూడిక ఎటు, తీసివేత ఎటు

సూత్రం ఒక్కటే: స్థానిక సమయం = యూటీసీ + ఆఫ్‌సెట్. తిప్పి రాస్తే యూటీసీ = స్థానిక సమయం − ఆఫ్‌సెట్.

పల్లెలో 2025 జూన్ 10 ఉదయం 5:10కి పాలు కొలిచారు. ఆఫ్‌సెట్ +05:30. దాన్ని తీసివేస్తే యూటీసీలో జూన్ 9 రాత్రి 23:40. తేదీ మారిపోయింది. ఇది తప్పు కాదు, ఇలాగే రావాలి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఆ యూటీసీ విలువలో తేదీ భాగాన్ని కత్తిరించి బిల్లు మీద అచ్చువేసినప్పుడు.

సూత్రం సులువే గానీ గుర్తులు తిరగబడే చోట్లు కొన్ని ఉన్నాయి. వీటిని కంఠతా పట్టడం మంచిది.

జావాస్క్రిప్ట్‌లో గెట్‌టైమ్‌జోన్‌ఆఫ్‌సెట్ అనే ఫంక్షన్ మన దేశంలో −330 ఇస్తుంది, +330 కాదు. స్థానిక సమయానికి ఎంత కలిపితే యూటీసీ వస్తుందో అది చెబుతుంది.

పాసిక్స్ (యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం) పద్ధతిలో రాసే టైమ్ జోన్ విలువల్లోనూ గుర్తు తలకిందులే. యూటీసీకి పడమర ఉన్నవాటికి ప్లస్, తూర్పున ఉన్నవాటికి మైనస్. ఈటీసీ/జీఎంటీ+5 అనే పేరుకు అర్థం యూటీసీకి ఐదు గంటలు వెనుక అని. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టైమ్ జోన్ పేరు రాయవలసిన చోట +05:30 అని పాఠంగా ఇచ్చినా ఇదే పద్ధతి వర్తించి సమయం పదకొండు గంటలు పక్కకు పోతుంది. అక్కడ ఏషియా/కోల్‌కతా అనే పేరే ఇవ్వండి.

ఇక ఆఫ్‌సెట్‌ను దాచే కొలత. గంటల్లో పూర్ణాంకంగా దాచవద్దు. మనకే అరగంట ఉంది. నేపాల్‌ది +05:45. న్యూజిలాండ్‌కు చెందిన చాథమ్ దీవులది +12:45. నిమిషాల్లో పూర్ణాంకంగా దాచండి: మనకు 330, నేపాల్‌కు 345. ప్రస్తుతం వాడుకలో ఉన్న ఆఫ్‌సెట్లు −12:00 నుంచి +14:00 వరకు ఉన్నాయి. ±12 దాటితే తప్పు అని తనిఖీ రాసేవారు కిరిబాటి వాసులను బయటకు నెట్టేసినట్టే.

మైనస్ ఆఫ్‌సెట్లను విడదీసేటప్పుడు మరో గుంట ఉంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ ప్రామాణిక ఆఫ్‌సెట్ −03:30. దీన్ని చదివేటప్పుడు గంటల భాగం −3ను 60తో గుణించి 30 కలిపితే −150 వస్తుంది. రావలసింది −210. తిరిగి రాసేటప్పుడు పైథాన్‌లో −210ని 60తో భాగిస్తే భాగఫలం −4, శేషం 30 వస్తాయి. తెర మీద −04:30 అని పడుతుంది. రెండింటికీ మందు ఒకటే: గుర్తును ముందే వేరు చేసి పక్కన పెట్టండి, మిగతా లెక్కంతా ధనాత్మక అంకెతో చేయండి, చివర గుర్తు తగిలించండి. −00:30 లాంటి విలువ వచ్చినా అప్పుడు గుర్తు పోదు.

4. రాసే రూపం

యాప్ నుంచి సర్వర్‌కు, ఒక సర్వర్ నుంచి మరొకదానికి సమయం పంపేటప్పుడు ఆర్‌ఎఫ్‌సీ 3339 అనే ఇంటర్నెట్ ప్రమాణం చెప్పిన రూపమే వాడండి. అంటే 2025-06-10 05:10:00+05:30 వరసలో. తేదీకీ గంటకూ మధ్య ఖాళీకి బదులు టీ అక్షరం పెట్టడమే ఎక్కువ వాడుక, అన్ని లైబ్రరీలకూ అదే నప్పుతుంది. ఆఫ్‌సెట్ సున్నా అయితే చివర జెడ్ అక్షరం చాలు.

ఆఫ్‌సెట్ లేని సమయాన్ని ఎప్పుడూ పంపవద్దు, వచ్చినా తీసుకోవద్దు. సర్వర్ దాన్ని తిరస్కరించి కారణం చెప్పాలి. ఏదో ఒకటి ఊహించుకుని సర్దుకుపోయే సర్వర్ కన్నా మొండిగా వెనక్కు పంపే సర్వరే మీకు మేలు చేస్తుంది.

ఫ్లటర్‌లో యాప్ రాసేవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. డార్ట్ భాషలో స్థానిక సమయాన్ని టుఐసో8601స్ట్రింగ్‌తో పాఠంగా మారిస్తే ఆఫ్‌సెట్ రాదు. 5:10 అని మాత్రమే వెళుతుంది. సర్వర్ దాన్ని యూటీసీ అనుకుంటే తెర మీద 10:40 అవుతుంది. పంపేముందు టుయూటీసీ పిలవండి.

ఐఎస్‌టీ, సీఎస్‌టీ వంటి పొడి అక్షరాలు డేటాలోకి రానివ్వవద్దు. ఐఎస్‌టీ భారత్‌దీ, ఇజ్రాయెల్‌దీ, ఐర్లాండ్‌దీ కూడా. సీఎస్‌టీ అమెరికా మధ్య ప్రాంతానికీ చైనాకూ రెండింటికీ చెల్లుతుంది. మనిషి చదివే తెర మీద వాటిని చూపించినా పర్వాలేదు.

వెబ్ చిరునామాలో ప్రశ్నార్థకం తరువాతి భాగంలో +05:30 పంపితే సాధారణంగా ఆ ప్లస్ ఖాళీగా మారిపోతుంది. సర్వర్‌కు చేరేది "05:10:00 05:30". ప్లస్‌ను %2బీగా మార్చి పంపాలి. చేత్తో అతికించకుండా లైబ్రరీ ఎన్‌కోడింగ్ ఫంక్షన్ వాడితే ఈ బెడద ఉండదు. అమెరికాలో పరీక్షించిన కోడ్‌లో ఇది బయటపడదు, అక్కడి ఆఫ్‌సెట్లకు మైనస్ ఉంటుంది కనుక. అందుకే విదేశీ లైబ్రరీ బాగా పని చేస్తుందని వదిలేయకుండా మన ఆఫ్‌సెట్‌తో మీరే చూడాలి.

సిరోంచ, చంద్రపూర్, నాందేడ్ వైపు వారికి మరో సమస్య ఉంది. ఫోన్ భాష మరాఠీ అయితే, ఫోన్ భాషను బట్టి తేదీని తీర్చే ఫంక్షన్లు దేవనాగరి అంకెలు ఇస్తాయి. తెర మీద అది చక్కగా ఉంటుంది. అదే పాఠాన్ని సర్వర్‌కు పంపితే చదవలేక పడిపోతుంది. చూపించే రూపం, పంపే రూపం ఒకే ఫంక్షన్ నుంచి రాకూడదు.

5. డేటాబేస్ కాలమ్‌లు

పోస్ట్‌గ్రెస్‌లో క్షణాలకు టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్ రకం వాడండి. పేరు చూసి అది ఆఫ్‌సెట్‌ను కూడా దాచుతుందని చాలామంది అనుకుంటారు. దాచదు. వచ్చిన ఆఫ్‌సెట్‌తో యూటీసీకి మార్చి యూటీసీనే ఉంచుతుంది, చూపేటప్పుడు ఆ సెషన్ టైమ్ జోన్‌కు తిప్పుతుంది. టైమ్ జోన్ లేని రకానికి +05:30తో విలువ ఇస్తే ఆఫ్‌సెట్‌ను మాటాడకుండా పారేస్తుంది, హెచ్చరిక కూడా రాదు.

మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ రకం సెషన్ టైమ్ జోన్‌ను బట్టి యూటీసీకి మారుతుంది, డేట్‌టైమ్ రకం మారదు. టైమ్‌స్టాంప్‌కు 2038 జనవరి 19తో హద్దు ముగుస్తుంది. దీర్ఘకాలిక రుణాల గడువుల్లాంటివి దానిలో పెట్టవద్దు. టైమ్ జోన్ పేర్లతో మార్పిడి చేయాలంటే వాటి పట్టికలను ముందుగా నింపాలి. నింపకపోతే మార్పిడి ఫంక్షన్ నల్, అంటే ఖాళీ విలువ, ఇస్తుంది.

ఫోన్‌లో ఉండే ఎస్‌క్యూలైట్‌కు తేదీ రకమంటూ లేదు. పాఠంగా దాస్తాం. అప్పుడు అన్నీ యూటీసీలో, ఒకే రూపంలో ఉండాలి. కొన్ని +05:30తో, కొన్ని జెడ్‌తో కలగలిస్తే వరస తప్పుతుంది, ఎందుకంటే అది అక్షరాలను పోలుస్తుంది, క్షణాలను కాదు.

6. భాషలవారీగా జాగ్రత్తలు

జావాస్క్రిప్ట్. తేదీ మాత్రమే ఉన్న పాఠం, ఉదాహరణకు 2001-08-15, యూటీసీ అర్ధరాత్రిగా చదవబడుతుంది. అదే తేదీకి గంట చేర్చి ఆఫ్‌సెట్ వదిలేస్తే స్థానిక సమయంగా చదవబడుతుంది. ఒకే భాషలో రెండు నియమాలు! మన వైపు ఎక్కువగా కనిపించే తప్పు దీనికి ఎదురు దిశలో ఉంటుంది: క్యాలెండర్‌లో ఆగస్టు 15 ఎంచుకుంటే స్థానిక అర్ధరాత్రి తయారవుతుంది, టుఐఎస్ఓస్ట్రింగ్ దాన్ని ఆగస్టు 14, 18:30గా మారుస్తుంది, మొదటి పది అక్షరాలు కత్తిరిస్తే పుట్టినరోజు ఒక రోజు వెనక్కు జరుగుతుంది. సంవత్సరం, నెల, రోజు విడివిడిగా తీసుకుని పాఠం కట్టండి. నెల సున్నా నుంచి మొదలవుతుందని మరవవద్దు.

పైథాన్. యూటీసీనౌ వాడవద్దు, 3.12 నుంచి దాన్ని వదిలేయమని భాషే చెబుతోంది. అది ఇచ్చేది ఆఫ్‌సెట్ లేని సమయం. దాని మీద టైమ్‌స్టాంప్ ఫంక్షన్ పిలిస్తే స్థానిక సమయంగా భావించి మన కంప్యూటర్‌లో ఐదున్నర గంటలు వెనక్కు వెళుతుంది. నౌ ఫంక్షన్‌కు యూటీసీ టైమ్ జోన్ ఇచ్చి పిలవండి. టైమ్ జోన్ పేర్లకు 3.9తో వచ్చిన జోన్‌ఇన్ఫో వాడండి. విండోస్‌లో టీజెడ్‌డేటా ప్యాకేజీ కూడా ఎక్కించాలి.

పాత ప్రాజెక్టుల్లో పైటీజెడ్ అనే టైమ్ జోన్ లైబ్రరీ ఉంటుంది. దాని టైమ్ జోన్‌ను నేరుగా టీజెడ్‌ఇన్ఫోగా ఇస్తే ఆఫ్‌సెట్ +05:53 వస్తుంది. అది పట్టికలో మొదటి గీత, ప్రామాణిక సమయం రాకముందటి కలకత్తా స్థానిక సమయం. లోకలైజ్ ఫంక్షన్ ద్వారానే ఇవ్వాలి.

జావా, కోట్లిన్. పాత డేట్, క్యాలెండర్ తరగతులు వదిలి జావా 8తో వచ్చిన కొత్త తరగతులు వాడండి: క్షణానికి ఇన్‌స్టంట్, రాబోయే సమయానికి జోన్డ్‌డేట్‌టైమ్, తేదీకి లోకల్‌డేట్. పాత టైమ్‌జోన్ తరగతికి పేరు తప్పు రాస్తే చెప్పకుండా జీఎంటీ ఇచ్చేస్తుంది. కొత్త జోన్‌ఐడీ తప్పు చూపి ఆగుతుంది. పల్లెల్లో ఆండ్రాయిడ్ 8 కన్నా పాత ఫోన్లు ఇంకా వాడుతుంటే, ప్రాజెక్టులో, కొత్త తరగతులను పాత ఫోన్లలోనూ పని చేయించే డీషుగరింగ్ అమరిక పెట్టాలి, లేకపోతే ఆ ఫోన్లలో యాప్ మూసుకుపోతుంది.

7. రోజు ఎక్కడ మొదలవుతుంది?

పాల కేంద్రం యాప్‌లో అతి ముఖ్యమైన ప్రశ్న ఇది. పది రోజులకోసారి రైతులకు లెక్క కట్టే చోట ఉదయం పాలు ముందు రోజు ఖాతాలో పడితే, పదో తేదీ రాత్రితో ముగిసే బిల్లులోకి పదకొండో తేదీ తెల్లవారుజాము పాలు చొరబడతాయి. తన పుస్తకంలో ఒకటి, యాప్‌లో మరొకటి కనిపిస్తే రైతు యాప్‌నే నమ్మడు. నమ్మకపోవడం న్యాయమే.

భారత తేదీ 2025 జూన్ 10 అంటే యూటీసీలో జూన్ 9, 18:30 నుంచి జూన్ 10, 18:30 వరకు. ఆ రోజు లెక్క తీసే క్రమం ఇది:

మొదట, భారత తేదీ 00:00ను ఏషియా/కోల్‌కతా పేరుతో క్షణంగా మార్చండి. అది మొదలు.

తరువాత, మరుసటి తేదీ 00:00ను అలాగే మార్చండి. మొదటి క్షణానికి 24 గంటలు కలపవద్దు. మన దేశంలో ఫలితం ఒకటే అయినా, వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపే డేలైట్ సేవింగ్ ఉన్న చోట కొన్ని రోజులకు 23 గంటలు, కొన్నింటికి 25 గంటలు ఉంటాయి.

ఆపైన, మొదలుకు సమానమైనవీ ఎక్కువైనవీ, ముగింపు కన్నా తక్కువైనవీ తీసుకోండి. 23:59:59 అని ముగింపు రాయవద్దు. ఆ చివరి సెకనులో భాగాలుగా వచ్చిన నమోదులు ఏ రోజులోనూ పడవు.

క్వెరీలో కాలమ్‌నే తేదీగా మార్చి పోల్చడం కన్నా ఇలా రెండు క్షణాల మధ్య వెతకడం వేగంగా జరుగుతుంది, ఇండెక్స్ ఉపయోగపడుతుంది కనుక.

రోజువారీ పనులను క్రాన్‌తో (నిర్ణీత వేళకు పనులు నడిపే సర్వర్ సాధనం) నడిపేవారు సర్వర్ గడియారం ఏదో ముందు చూడాలి. అద్దె సర్వర్లు మామూలుగా యూటీసీలో ఉంటాయి. ఉదయం 6 గంటలకు రావలసిన నివేదికకు 0:30 అని రాయాలి. సోమవారం ఉదయం 4 గంటలకు నడవాలంటే యూటీసీలో అది ఆదివారం 22:30. వారం పేరు కూడా మార్చాలని ఎక్కువమంది మరచిపోయేది ఇక్కడే. సర్వర్ గడియారాన్నే భారత సమయానికి మార్చేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. వినవద్దు. రేపు సర్వర్ మారితే తప్పులన్నీ ఒక్కసారిగా బయటపడతాయి.

8. రాబోయే సమయాలు, డేలైట్ సేవింగ్

బరంపురం గురువుగారు శనివారం ఉదయం 7 గంటలకు క్లాసు చెబుతారు. యూటీసీలో 01:30. 2026 మార్చి 7న డాలస్ పిల్లలకు అది శుక్రవారం రాత్రి 7:30, ఆఫ్‌సెట్ −06:00. మార్చి 8న అక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి. మార్చి 14 క్లాసు పిల్లలకు శుక్రవారం రాత్రి 8:30, ఆఫ్‌సెట్ −05:00. నవంబరు 1న మళ్లీ వెనక్కు వస్తాయి.

ఇక్కడ కోడ్ కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఎవరి గడియారం స్థిరంగా ఉండాలి? గురువుగారికి ఏడాదంతా ఉదయం 7 ఉండాలా, పిల్లలకు ఏడాదంతా రాత్రి 7:30 ఉండాలా? దీనికి ప్రోగ్రామర్ జవాబు చెప్పకూడదు. వాడేవారిని అడిగి, వారు చెప్పినవైపు టైమ్ జోన్ పేరును క్లాసుతో పాటు దాచండి. ఆ గంటే శాశ్వతం, రెండోవైపు గంటను ప్రతిసారీ లెక్కించి చూపాలి.

రాబోయే సమయాన్ని యూటీసీ ఒక్కదానిలోనే ఎందుకు దాచకూడదంటే, ప్రభుత్వాలు నియమాలు మారుస్తాయి. మెక్సికో 2022లో దేశంలో చాలా భాగానికి డేలైట్ సేవింగ్ ఎత్తివేసింది. ఈజిప్టు 2023లో తిరిగి తెచ్చింది. కజకిస్థాన్ 2024 మార్చి 1న దేశమంతటికీ +05:00 పెట్టింది. ముందే యూటీసీగా మార్చి దాచిన అపాయింట్‌మెంట్లు అక్కడ గంట తప్పాయి. స్థానిక గంట, టైమ్ జోన్ పేరు దాచినవారు పట్టిక నవీకరిస్తే చాలు.

మార్పు రోజున రెండు వింతలు జరుగుతాయి. 2026 మార్చి 8న డాలస్‌లో 2:30 అనే గంటే లేదు, గడియారం 2 నుంచి 3కు దూకుతుంది. నవంబరు 1న 1:30 రెండుసార్లు వస్తుంది, మొదట −05:00తో, తరువాత −06:00తో. లేని గంటను ఎవరైనా ఎంచుకుంటే ముందుకు జరిపి, ఆ సంగతి తెర మీద చెప్పండి. రెండుసార్లు వచ్చే గంటకు మొదటిదాన్ని తీసుకోవడం ఎక్కువ లైబ్రరీల పద్ధతి. పైథాన్‌లో ఫోల్డ్ విలువ 0 అంటే మొదటిది, 1 అంటే రెండోది.

ఎంత సేపు గడిచిందో కొలవాలంటే రెండు సమయాలనూ యూటీసీకి మార్చాకే తీసివేయండి. పైథాన్‌లో ఒకే టైమ్ జోన్ ఉన్న రెండు సమయాలను నేరుగా తీసివేస్తే గడియారపు తేడా వస్తుంది, నిజంగా గడిచిన కాలం రాదు.

9. టైమ్ జోన్ పట్టికను తాజాగా ఉంచడం

ఆపరేటింగ్ సిస్టమ్, జావా, పైథాన్ ప్యాకేజీ, డేటాబేస్, ఒక్కొక్కటీ తన సొంత పట్టిక పెట్టుకుని ఉండవచ్చు. ఒకటి నవీకరించి మిగతావి మరిచిపోతే రెండు చోట్ల రెండు గంటలు కనిపిస్తాయి. చిన్న కంటైనర్ ఇమేజ్‌లలో పట్టికే ఉండకపోవచ్చు, విడిగా చేర్చాలి.

మన దేశంలో మార్పులు లేవు కదా అని ఊరుకోవద్దు. ఇక్కడి పాత తేదీలకూ పట్టిక కావాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకు దేశ గడియారం +06:30 పాటించింది. పెద్దల పుట్టిన తేదీలను అర్ధరాత్రి క్షణాలుగా దాచి, స్థిరంగా +05:30తో తిరిగి చదివితే ముందు రోజు కనిపిస్తుంది. తేదీని తేదీగానే దాచాలని 2వ భాగంలో చెప్పింది ఇందుకు కూడా.

10. తేడా చూసి కారణం పట్టుకోవడం

సమయం తప్పినప్పుడు ముందుగా ఎంత తప్పిందో కొలవండి. ఆ అంకె చాలావరకు కారణాన్ని చెప్పేస్తుంది.

5:30 వెనుక: యూటీసీ విలువను మార్చకుండా చూపిస్తున్నారు.
5:30 ముందు: స్థానిక సమయాన్ని యూటీసీగా దాచారు, చూపేటప్పుడు మళ్లీ కలిపారు.
11:00 తేడా: గుర్తు తలకిందులైంది.
0:30 తేడా: ఆఫ్‌సెట్‌లో నిమిషాలు పోయాయి.
0:23 తేడా: పైటీజెడ్‌ను నేరుగా ఇచ్చారు.
1:00 తేడా, మార్చిలోనో నవంబరులోనో మొదలైతే: టైమ్ జోన్ పేరుకు బదులు ఆఫ్‌సెట్ దాచారు.
గంట సరే, తేదీ మాత్రం ఒక రోజు తేడా: యూటీసీ పాఠంలో తేదీ కత్తిరించారు.

విడుదలకు ముందు ఈ పరీక్షలు తప్పనిసరి:

☐ భారత సమయం 00:10, 05:29, 05:31, 23:50కు నమోదులు చేసి తేదీ చూశాను.
☐ పరీక్షలను యంత్రం టైమ్ జోన్ యూటీసీ, కోల్‌కతా, షికాగో, కాఠ్‌మాండూగా పెట్టి నడిపాను.
☐ −03:30, +05:45, +14:00 చదివి, తిరిగి రాసి పోల్చాను.
☐ లేని గంట, రెండుసార్లు వచ్చే గంట ఇచ్చి చూశాను.
☐ డిసెంబరు 31 రాత్రి, నెల చివరి రాత్రి లెక్కలు సరిపోయాయి.
☐ మరాఠీ, ఒడియా, తెలుగు భాషల్లో పెట్టిన ఫోన్ల నుంచి పంపి చూశాను.

11. ఇప్పటికే పాడైన డేటాను బాగుచేయడం

ఆదరాబాదరాగా అన్ని వరసలకూ ఐదున్నర గంటలు కలిపేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. సాధారణంగా కొన్ని వరసలే పాడై ఉంటాయి: ఒక వెర్షన్ యాప్ నుంచి వచ్చినవో, ఒక తేదీ తరువాత నమోదైనవో. మంచివాటికి కూడా కలిపితే తిరిగి విడదీయలేరు.

మొదట పూర్తి బ్యాకప్ తీసి, దాన్ని మరో యంత్రంలో తెరిచి చూడండి. తెరవని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

తరువాత కేంద్రంలోని చేతిరాత రిజిస్టర్ తెచ్చుకుని, వేర్వేరు తేదీల్లో కొన్ని నమోదులను దానితో పోల్చండి. ఏ తేదీ నుంచి, ఏ యాప్ వెర్షన్ నుంచి తేడా మొదలైందో తేలుతుంది. సహజ జ్ఞానం కూడా సాయపడుతుంది. ఉదయం 5 నుంచి 8 వరకే పాలు తీసుకునే చోట 10:30 నుంచి 13:30 మధ్య నమోదులు గుంపుగా కనిపిస్తే అవే 5:30 ముందుకు జరిగినవి.

పాత కాలమ్‌ను ముట్టుకోకుండా కొత్త కాలమ్ చేర్చండి. సరిచేసిన విలువను దానిలో రాయండి, ఏ నియమంతో సరిచేశారో మరో కాలమ్‌లో గుర్తు పెట్టండి. ఎటూ తేలని వరసలను అనుమానమని గుర్తించి కేంద్రం నడిపేవారికి పట్టికగా ఇవ్వండి, ఊహించి నింపవద్దు.

ఆ లోపు పాత యాప్ నుంచి తప్పు సమయాలు రాకుండా సర్వర్‌లో అడ్డుకట్ట వేయాలి. ఆఫ్‌సెట్ లేని సమయం పంపే వెర్షన్లను గుర్తించి నవీకరించమని సందేశం పంపండి.

తరువాత రెండు బిల్లుల కాలం కొత్త కాలమ్‌తో లెక్క కట్టి, రైతుల పుస్తకాలతో రూపాయి వరకు సరిపోయిందో లేదో చూడండి. సరిపోయాకే పాత కాలమ్‌ను తొలగించండి.